ఏడో వరసలో కొట్టివేత

దల్పత్ సాగర్ మెట్లు మంచులా చల్లగా ఉన్నాయి. చెప్పులు పైనే విడిచి దిగాం, అరికాళ్లు జివ్వుమంటున్నాయి. కార్తీక పున్నమి. జగదల్‌పూర్‌లో ఈ నెలలో పొద్దు వాలిందంటే చాలు, శాలువా కావాలి. వదిన అరటి దొప్పలో వత్తి వెలిగించి, కొంగు అడ్డం పెట్టుకుని, వంగి నీళ్ల మీద వదిలింది. నా మేనకోడలు తన దొప్పను పక్కనే వదిలి చేత్తో రెండుసార్లు నీళ్లు తోసింది. అవతలి మెట్ల మీద ఇంకో కుటుంబం హల్బీలో మాట్లాడుకుంటూ తమ దీపాలు వదులుతోంది. గుర్రపుడెక్క లేని జాగా ఒక్కటే దొరికింది. ఆ కాస్త నల్లటి నీళ్లలో పది పన్నెండు వెలుగులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, చెరువు నడుమ ఉన్న గుడి వైపు మెల్లగా సాగుతున్నాయి.

"అత్తా, చూడు, నాదే ముందుంది."

"అమ్మ దీపం నీకంటే ముందు వదిలింది కదే?"

"వదిలితే ఏం? ఇప్పుడు నాదే ముందుంది."

"మరి ఆ అవతలి మెట్లవాళ్లది? అది ఎప్పుడు వదిలారో చూశావా?"

చూడలేదు. నీళ్ల వైపే కళ్లు చికిలించి కాసేపు ఊరుకుంది. ఎవరు ఎప్పుడు బయల్దేరారు, ఎవరు ఏ గీత దాటారు, అది ఎవరు చూశారు, చూసింది ఎవరు రాశారు. నేను జగదల్‌పూర్ వచ్చిన పని ఈ నాలుగు ప్రశ్నల చుట్టూనే ఉంది. దానికి ఆ రాత్రి ఇలా నాంది పడుతుందని నేను అనుకోలేదు.

ఈ ఊరితో మా బంధం తాతగారి నాటిది. ఆయన వ్యాపారం కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఓరుగల్లు నుంచి కాకతీయ అన్నమదేవుడు బస్తర్‌కు వచ్చి రాజ్యం స్థాపించిన కథ అన్నయ్య ఇప్పటికీ వచ్చిన ప్రతి చుట్టానికీ చెబుతాడు, అది మన ఇంటి కథే అన్నట్టు. ఆ వంశంలో దల్పత్ దేవ్ తవ్వించిన చెరువు ఇది. మేనకోడలు బళ్లో హిందీ, బజార్లో హల్బీ, ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది. మొన్నే పద్నాలుగు నిండాయి. వచ్చే వేసవికి హైదరాబాద్‌లో నా దగ్గర నెల రోజులుంటుంది. హుస్సేన్ సాగర్ మీద తెరచాప పడవల పందేలు జరిగేటప్పుడు లెక్కలు కట్టేవాళ్లలో నేనొకదాన్ని. దాన్ని తోడు తీసుకెళ్లాలని నా ఆశ. అందుకే భద్రాచలం, కుంట, సుక్మా మీదుగా రాత్రంతా బస్సులో కూర్చుని వస్తూ, చేతిసంచిలో ఒక పెన్‌డ్రైవ్, ఒక ప్లాస్టిక్ కవర్లో నాలుగు కాగితాలు, ఫోన్‌లో నాలుగు రికార్డింగులు పట్టుకొచ్చాను.

దీపాలు కనుచూపు దాటాక ఇంటికి నడిచాం.

*

అన్నయ్య కంప్యూటర్ ముందుగదిలో, దేవుడి అలమర పక్కన ఉంటుంది. కొట్టు లెక్కలకు కొన్నది. కీబోర్డు మీద పారదర్శకమైన తొడుగు, అందులో ఇరుక్కున్న పసుపు రేణువులు. మానిటర్ అంచున చిన్న వినాయకుడు. ఇన్వర్టర్ కిందే ఉంది, ఎర్ర దీపం వెలుగుతోంది. "కొట్టు ఫైళ్ల జోలికి మాత్రం పోవద్దమ్మా" అని అన్నయ్య రెండుసార్లు చెప్పి, భోజనానికి లోపలికి వెళ్లాడు.

పెన్‌డ్రైవ్ పెట్టాం. సెయిల్‌వేవ్. బ్రిటన్‌లో కోలిన్ జెంకిన్స్ అనే ఆయన రాసిన ప్రోగ్రామ్. తర్వాత దాని బాగోగులు జాన్ ఎస్క్‌డేల్ చూసుకుంటున్నారు. విండోస్ ఉన్న మామూలు ఇంటి కంప్యూటర్ చాలు. ఇన్‌స్టాల్ అయ్యాక ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది. డబ్బు కట్టనక్కర్లేదు, ఇవ్వాలనిపించినవాళ్లు విరాళం ఇస్తారు. ప్రపంచంలో ఎన్నెన్నో క్లబ్బులు తమ పందేల ఫలితాలను దీనితోనే కడతాయి. పెద్ద డబ్బున్న క్లబ్బుకూ, నాలుగు పాత పడవలున్న చిన్న క్లబ్బుకూ ఒకే పనిముట్టు అందుతోంది. ఒక మనిషి తన ఇంట్లో కూర్చుని రాసినదాన్ని ఇలా ఊరికే ఇచ్చేయడం చిన్న సంగతి కాదు. నేను లెక్కలు కట్టడం మొదలుపెట్టినప్పుడు మాకు ఖర్చు పెట్టే స్తోమత లేదు. ఇది లేకపోతే మా పిల్లల పేర్లు ఒక పద్ధతిగా ఏ కాగితం మీదా వచ్చేవి కావు.

మేనకోడలు ఫైల్ మీద రెండుసార్లు నొక్కింది. ఈ ప్రోగ్రామ్ ఎవరిదో తనకు తెలియదనీ జాగ్రత్త అనీ కంప్యూటర్ ఒక హెచ్చరిక చూపించింది. దాని చెయ్యి ఆగిపోయింది.

"ఆగావు చూడు, అదే మంచి అలవాటు" అన్నాను. "ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని ఫైలైతే ఇక్కడే మూసెయ్యాలి. ఇది నేను వాళ్ల సొంత సైట్ నుంచి తెచ్చి, వైరస్ పరీక్ష చేసినదే. కానివ్వు."

రెండు నిమిషాలు పట్టలేదు. తెరుచుకున్నది చూసి దానికి కొంచెం నిరాశ కలిగింది. నీలి అలలో పడవ బొమ్మలో ఉంటాయనుకుంది కాబోలు. కనిపించింది గడులు గడులుగా ఒక పెద్ద పట్టిక, పైన మెనూలు. నాన్న కొట్టు లెక్కల ప్రోగ్రామ్‌లా ఉందని పెదవి విరిచింది. అచ్చం అలాంటిదే. ఇదీ ఒక చిట్టా పుస్తకమే, ఇందులో సరుకు బదులు పడవలుంటాయి.

*

కాగితాలు తీశాను. నిరుటి జూలైలో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఒక చిన్న శిక్షణ శిబిరం తాలూకు ఫినిష్ షీట్లు. ఎనిమిది మంది పిల్లలు, ఎనిమిది ఆప్టిమిస్ట్ పడవలు, నాలుగు రేసులు. నేర్చుకోవడానికి ఇంతకంటే సులువైనవి దొరకవు.

ఆప్టిమిస్ట్ అంటే 2.3 మీటర్ల పొడవుండే, ముక్కు చదునుగా ఉండే చిన్న పడవ. 1947లో ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ దాన్ని గీశాడు. పదిహేనేళ్లలోపు పిల్లలు ఒంటరిగా నడుపుతారు. హైదరాబాద్‌లో సంజీవయ్య పార్క్ దగ్గర 2009లో మొదలైన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ వల్ల, ఎన్నడూ నీళ్ల దగ్గరికి రాని కుటుంబాల పిల్లలు ఈ పడవల్లోకి వచ్చారు. జూలైలో ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్, లేజర్ క్లాస్ అసోసియేషన్ జరిపే హైదరాబాద్ సెయిలింగ్ వీక్ పెద్ద పండుగ. దానికి దేశం నలుమూలల నుంచి వస్తారు. మాది అంత పెద్దది కాదు. మా శిబిరంలో ప్రేక్షకులంటే ఒడ్డున తువ్వాళ్లు పట్టుకుని నిలబడ్డ అమ్మలు, ఇద్దరు హాస్టల్ వార్డెన్లు, అంతే.

ముందు పడవల జాబితా. తెరచాప మీది నంబరు, పిల్ల పేరు. మేనకోడలు నంబర్లు కొట్టింది: 428, 517, 640, 713, 731, 866, 902, 1105. పేర్లు నేను చెప్పాను. ఎనిమిది వరసలు నిండాయి.

తర్వాత లెక్క పద్ధతి. ఇక్కడ దానికి చాలాసేపు పట్టింది. పట్టాలి కూడా.

"ఫస్ట్ వస్తే ఎన్ని పాయింట్లు?" అంది.

"ఒకటి."

"ఒక్కటేనా! సెకండ్‌కి?"

"రెండు. ఎనిమిదో వాడికి ఎనిమిది. చివరికి ఎవరికి తక్కువుంటే వాళ్లు గెలిచినట్టు."

ఇది లో పాయింట్ పద్ధతి. ప్రపంచ సెయిలింగ్ నియమావళి అనుబంధాల్లో ఉంటుంది. పడవ రేసుకు రాకపోయినా, పూర్తి చెయ్యకపోయినా, అనర్హత పొందినా, సిరీస్‌లో నమోదైన పడవల సంఖ్యకు ఒకటి కలిపి ఇస్తారు. మాకు ఎనిమిది పడవలు కనుక తొమ్మిది. రాకపోతే డీఎన్‌సీ, పూర్తి చెయ్యకపోతే డీఎన్‌ఎఫ్, బయల్దేరే హారన్ మోగకముందే గీత దాటి వెనక్కి రాకపోతే ఓసీఎస్. ఇంకా బోలెడు ఉన్నాయి, అన్నీ ఈ రాత్రి అక్కర్లేదు.

"మరి ఒక్క రేసులో తాడు తెగిపోయిందనుకో, తొమ్మిది పడుతుంది. పాపం కదా?"

"అందుకే డిస్కార్డ్ ఉంది. ప్రతి పిల్లకూ వచ్చిన అంకెల్లో అన్నిటికంటే చెడ్డది తీసేస్తాం."

చెబితే తలకెక్కలేదు. అప్పుడు నేహా ఠాకూర్ సంగతి చెప్పాను. మన పక్క మధ్యప్రదేశ్‌లో రైతు కూతురు. సముద్రం లేని రాష్ట్రం, భోపాల్ చెరువు మీద నేర్చుకుంది. 2023 సెప్టెంబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఐఎల్‌సీఏ-4 పడవల బాలికల విభాగంలో వెండి పతకం తెచ్చింది. మొత్తం 11 రేసులు. అన్నీ కలిపితే 32 పాయింట్లు. వాటిలో చెడ్డది ఐదు, ఐదో రేసులో వచ్చింది. అది తీసేస్తే 27. పత్రికల్లో ఆ 27 చూసి చాలామంది అది ఏమిటో తెలియక వదిలేశారు. మేనకోడలు కాగితం మీద 32లోంచి 5 తీసి 27 అని రాసి, చుట్టూ సున్నా చుట్టింది. ఆ తర్వాత ఇంకేమీ అడగలేదు. పదకొండు రేసుల్లో అత్యంత చెడ్డ రోజున కూడా ఐదో స్థానం కంటే దిగజారని పిల్ల ఎలాంటిదో దానికి అంకెలోనే కనిపించింది.

సెయిల్‌వేవ్‌లో డిస్కార్డ్ చెప్పడానికి ఒక చిన్న వరస ఉంటుంది: 0, 0, 0, 1. మూడు రేసుల దాకా ఏదీ తియ్యొద్దు, నాలుగోది అయ్యాక ఒకటి తియ్యి అని అర్థం. అది తానే కొట్టింది. రకరకాల పడవలు కలిసి పోటీపడే చోట ఇంకో లెక్కుంటుంది. పడవ తీసుకున్న సమయాన్ని వెయ్యితో హెచ్చించి ఆ పడవ రకానికిచ్చిన అంకెతో భాగిస్తే సవరించిన సమయం వస్తుంది. అంకె 1100 ఉన్న పడవ 66 నిమిషాల్లో వస్తే 60 నిమిషాల కింద లెక్క. అంకె 1200 ఉన్న మందకొడి పడవ 70 నిమిషాల్లో వచ్చినా 58 నిమిషాల 20 సెకన్లవుతుంది. వెనక వచ్చినదే గెలుస్తుంది. మా పిల్లలందరివీ ఒకే రకం పడవలు కనుక అది వదిలేశాం.

*

ఇప్పుడు రేసులు ఎక్కించాలి. కాగితం చూసి కొట్టేస్తే పది నిమిషాల పని. కానీ దానికి నీళ్లు చూపించకుండా అంకెలు మాత్రం నేర్పడం నాకు ఇష్టం లేదు. "కాగితం బోర్లా పెట్టు" అన్నాను. "విని కొట్టు. తర్వాత కాగితంతో పోల్చి చూద్దాం."

ఫోన్‌ను మానిటర్ కింద ఆనించి మొదటి రికార్డింగ్ నొక్కాను.

గది నిండా గాలి. హుస్సేన్ సాగర్ మీద జూలై గాలి, ఫోన్ మైకులో పడి పటపటమంటుంది. దాని కింద నీళ్లు పడవ పొట్టను తడుతున్న చప్పుడు. లంగరు తాడు కిర్రుమంటోంది. ఎక్కడో దూరంగా నెక్లెస్ రోడ్డు మీద హారన్లు. మేనకోడలు కుర్చీ ముందుకు జరుపుకుంది. దేవుడి అలమరలో దీపం వెలుగుతోంది, వంటింట్లో వదిన గిన్నెలు సర్దుతోంది. మేమిద్దరం మాత్రం రేసు నడిపే కమిటీ పడవలో ఉన్నాం.

శిబిరంలో ఆ పడవ మీద ముగ్గురం. ఒకరు కళ్లు ఫినిష్ గీత మీంచి తిప్పకుండా నంబర్లు పిలుస్తారు. ఒకరు రాస్తారు. ఒకరు ఫోన్ పట్టుకుంటారు. పిలిచేవాళ్లు రాయకూడదు, రాసేవాళ్లు తల ఎత్తకూడదు. గాలివాటున రెండు పడవలు ఒకేసారి గీత మీద పడ్డాయంటే ఒక్క క్షణం కిందికి చూసినా మూడోది దాటిపోతుంది. రాసింది నేనే.

"ఫోర్ టూ ఎయిట్!" అని గొంతు. హారన్. కొంచెం ఆగి, "సెవెన్ వన్ త్రీ!" మళ్లీ హారన్. "ఎయిట్ సిక్స్ సిక్స్!"

మేనకోడలు వేళ్లు కీబోర్డు తొడుగు మీద టకటకలాడాయి. మొదటి రేసు: 428, 713, 866, 731, 1105, 902, 517, 640. కాగితం తిరగేశాం. సరిపోయింది. రెండోది కూడా సరిపోయింది.

మధ్యలో కరెంటు పోయింది. ఇన్వర్టర్ టక్కుమని అందుకుంది, మానిటర్ ఒక్కసారి మినుకుమంది. "సేవ్ చేశావా?" అన్నాను. చెయ్యలేదు. ఇకమీదట ప్రతి రేసు తర్వాతా సేవ్, ప్రతి రోజు చివరా పెన్‌డ్రైవ్ మీదికి ఒక కాపీ. ఫైల్ పేరుకు చివర బీఎల్‌డబ్ల్యూ అని వస్తుంది. దాని ముందు తేదీ, రేసు నంబరు రాసుకోమన్నాను. ఊరి పేరు తాను చేర్చింది, జగదల్‌పూర్ అని. బాగుందన్నాను.

మూడో రికార్డింగ్.

ఈ రేసులో చినుకు పడింది. విన్నవెంటనే తెలుస్తుంది, ప్లాస్టిక్ కవరు మీద టపటపమంటుంది. పిలిచే గొంతు పెద్దదైంది. "ఫోర్ టూ ఎయిట్! వన్ వన్ జీరో ఫైవ్! సెవెన్ వన్ త్రీ! ఎయిట్ సిక్స్ సిక్స్, నైన్ జీరో టూ!" రెండు హారన్లు ఒకదాని మీద ఒకటి. "ఫైవ్ వన్ సెవెన్." చాలాసేపు గాలి ఒక్కటే. "సెవెన్ త్రీ వన్." చివరికి, నవ్వుతూ, "రా తల్లీ రా, సిక్స్ ఫోర్ జీరో!"

మేనకోడలు కొట్టి, కాగితం తిరగేసింది. కుడి చూపుడువేలు వరస వెంట దించింది. మూడో వరస దగ్గర ఆగింది.

"అత్తా, ఇక్కడ 731 ఉంది."

"ఎక్కడ?"

"మూడులో. నేను 713 విన్నాను."

"మళ్లీ పెట్టు."

మళ్లీ విన్నాం. సెవెన్ వన్ త్రీ. మూడోసారి, ఫోన్ చెవికి ఆనించుకుని నేనొక్కదాన్నే విన్నాను. సెవెన్ వన్ త్రీ. అనుమానం లేదు.

అప్పుడు కాగితం దగ్గరికి లాక్కున్నాను. నా చేతిరాతే. చినుకు పడి మూడో వరస పక్కన పెన్సిల్ మసి అలికినట్టయింది, 731 అని స్పష్టంగానే ఉంది. కిందికి చూశాను. ఏడో వరస. అక్కడ ముందు 731 రాసి ఉంది. దాని మీద అడ్డంగా గీత. పక్కన 713.

ఆ గీత నేనే గీశాను. పడవ మీద కాదు. ఆ రాత్రి ఇంట్లో, కంప్యూటర్ ముందు.

అంతా గుర్తొచ్చింది. సెయిల్‌వేవ్‌లో ఒక రేసుకు ఒక పడవకు ఒకే గడి. మూడో స్థానానికి 731 కొట్టాను, ఏడో స్థానానికి మళ్లీ 731 కొట్టబోతే ఆ గడిలో అప్పటికే మూడు ఉంది. 713 గడి ఖాళీగా ఉంది. అంటే రెండుచోట్ల ఒకే నంబరు రాశానన్నమాట, ఒకటి తప్పు. ఏది తప్పో కాగితం చెప్పదు. రికార్డింగ్ చెబుతుంది. కానీ రాత్రి పదకొండు దాటింది, పొద్దున్నే ఫలితాలు అతికించాలి, ఒళ్లంతా తడిసి అలసిపోయి ఉన్నాను. పైన రాసింది సరిగ్గానే ఉండుంటుంది, కింది దాంట్లో అంకెలు తారుమారయ్యాయి అనుకున్నాను. పెన్సిల్ తీసి ఏడో వరసను దిద్దాను. కంప్యూటర్ ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకోదు? అన్ని గడులూ నిండాయి, అన్ని అంకెలూ ఒక్కొక్కసారే వచ్చాయి. దానికి తెలిసింది అంతే.

మేనకోడలు నా ముఖం చూస్తోంది.

"నాలుగోది కూడా పెట్టు" అన్నాను. "పూర్తి చేద్దాం."

నాలుగో రికార్డింగ్ స్టార్ట్ నుంచీ ఉంది. ఐదు నిమిషాల హారన్, నాలుగు, ఒకటి, ఆపైన బయల్దేరే హారన్. వెంటనే ఇంకో హారన్, "ఎయిట్ సిక్స్ సిక్స్ ఓవర్! ఎక్స్ పైకి!" నీలి సిలువ ఉన్న తెల్ల జెండా లేచింది. 866 పిల్ల వెనక్కి చూడలేదు. అందరికంటే ముందు ఫినిష్ గీత దాటింది కూడా, హారన్ రాలేదు. తర్వాత 1105, 428, 731, 713, 902, 517, 640. ఆ పిల్లకు ఓసీఎస్, తొమ్మిది. మిగతావాళ్లు ఒకటి నుంచి ఏడు.

స్కోర్ చెయ్యమని నొక్కింది. తీసేసిన అంకెలు బ్రాకెట్లలోకి వెళ్లాయి, వరసలు తారుమారై కుదురుకున్నాయి. 428 మూడు పాయింట్లతో మొదటిది. 1105 ఆరుతో రెండోది. ఆ కింద 713, తొమ్మిది. దాని కింద 866, అదీ తొమ్మిదే.

"ఇద్దరికీ తొమ్మిదే! మరి ఇది పైన ఎందుకుంది?"

ఇది నేనూ ఊహించలేదు. కాగితం తీసుకుని ఇద్దరివీ మంచి నుంచి చెడ్డకు వరసగా రాశాం. 713కి రెండు, ఆరు, మూడు, నాలుగు వచ్చాయి. ఆరు పోతే 2, 3, 4. 866కి మూడు, రెండు, నాలుగు, ఓసీఎస్ తొమ్మిది. తొమ్మిది పోతే 2, 3, 4. అచ్చుగుద్దినట్టు ఒక్కటే. సాధారణంగా ఈ వరసలో ఎక్కడ తేడా కనిపిస్తే అక్కడ మంచి అంకె ఉన్నవాళ్లు పైకి వెళ్తారు. ఇక్కడ తేడాయే లేదు. అప్పుడు నియమం చివరి రేసు చూడమంటుంది. ఆ చూడటంలో తీసేసిన అంకె కూడా లెక్కే. చివరి రేసులో 713కి నాలుగు, 866కి తొమ్మిది. 713 పైన. అంటే మూడో స్థానం.

నిరుడు నేను అతికించిన కాగితంలో 713కి మూడో రేసులో ఏడు పడింది. రెండు, ఆరు, ఏడు, నాలుగు. ఏడు తీసేస్తే పన్నెండు. ఐదో స్థానం. 866 మూడో స్థానం, 731 పదితో నాలుగో స్థానం. మూడు స్థానాల దాకా చిన్న కప్పులిచ్చాం.

713 పిల్ల నాకు బాగా గుర్తుంది. గురుకుల హాస్టల్ నుంచి వచ్చేది. పదకొండేళ్లుంటాయి. ఫలితాలు అతికించిన పొద్దున బోర్డు దగ్గరికి వచ్చి, వేలితో తన వరస వెతుక్కుని, అక్కడి నుంచి అడ్డంగా గడులన్నీ ఒక్కొక్కటే చూసింది. మూడో గడి దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగింది. నేను పక్కనే టీ తాగుతూ చూశాను. ఏం మాట్లాడకుండా వెళ్లి, పడవ బోర్లా తిప్పి, గొట్టంతో కడుక్కుంది.

"ఇప్పుడేం చేస్తావత్తా?" అంది మేనకోడలు.

నియమాల్లో దీనికి దారి ఉంది. పోటీ నడిపేవాళ్లు తమ సొంత కాగితాలూ రికార్డుల వల్ల ఒక పడవకు తప్పు పాయింట్లు వేశామని తెలుసుకుంటే, దిద్ది అందరికీ తెలియజేయాలి. పిల్ల అడగాలని లేదు. ఫిర్యాదు రావాలని లేదు. తెలిసిన క్షణం నుంచి అది మా పని. శిబిరం చిన్నదే, కప్పులు అర అడుగువే. అయినా తప్పు తప్పే. పైగా ఆ శిబిరం తర్వాత ఆ పిల్ల తనను ఐదోదాన్ననుకుంటూ ఎన్ని రేసులకు దిగిందో నాకు తెలియదు.

శిబిరం కోచ్‌కి ఫోన్ చేశాను. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రికార్డింగ్ పంపండి మేడమ్, పట్టిక కూడా పంపండి. రేపు పొద్దున ప్రాక్టీసు ఉంది, ఆ పాప వస్తుంది. మీరే చెప్పండి" అన్నారు. మేనకోడలు ఫలితాల పట్టికను పేజీగా తీసి పంపింది. తేదీ కింద ఒక వాక్యం రాయమన్నాను: మూడో రేసులో 713, 731 స్థానాలు రికార్డింగ్ ప్రకారం సవరించాం. 866 పిల్లకు కూడా చెప్పాలి, అది ఇంకా కష్టం. ఇచ్చిన కప్పు వెనక్కి తీసుకోం, ఇంకోటి చేయిస్తాం అని కోచ్ అన్నారు. ఆ ఖర్చు నాది.

*

పొద్దున ఆరున్నరకే చెరువు గట్టు మీదికి వచ్చేశాం. దల్పత్ సాగర్ మీద పొగమంచు ఇంకా విడలేదు. రాత్రి దొప్పలు కొన్ని గుర్రపుడెక్క అంచున ఆగిపోయి ఉన్నాయి, వత్తులు నల్లబడ్డాయి. మేనకోడలు మఫ్లర్ ముక్కు దాకా చుట్టుకుని, వాటిలో తనది ఏదో వెతుకుతోంది.

ఫోన్ మోగింది. కోచ్ గొంతు, వెనక తెరచాపల రెపరెపలు. "ఇదిగో మేడమ్, పాపకిస్తున్నా."

"హలో మేడమ్."

చెప్పాను. మూడో రేసులో నువ్వు మూడోదానివి, నేను నంబరు తిప్పి రాశాను, తర్వాత తప్పు వరసను దిద్దాను, ఇప్పుడు లెక్క ప్రకారం సిరీస్‌లో నీది మూడో స్థానం, తప్పు నాది అన్నాను. సగంలో గొంతు పట్టేసింది.

అవతల కాసేపు గాలి చప్పుడు.

"నాకు తెలుసు మేడమ్" అంది. "731 నాకు చాలా వెనకుంది. గీత దాటాక తిరిగి చూశాను."

"మరి అడగలేదేం తల్లీ?"

"కంప్యూటర్‌లో వచ్చింది కదా, అదే కరెక్టు అనుకున్నా."

నేను ఏం చెప్పాలో ఆలోచిస్తుండగానే తానే అడిగింది.

"ఇప్పుడు మళ్లీ బోర్డు మీద పెడతారా మేడమ్?"

"ఇవాళే పెడతారు. సార్ దగ్గర ఉంది, ఆయన్ను అడుగు."

"సరే మేడమ్. నేను వెళ్లనా? గాలి వస్తోంది."